అప్పుడు కంచన్‌బాగ్‌కు నో.. ఇప్పుడు ఆదిభట్లలో అపాచీ! అమెరికా ఆంక్షల లిస్టు కథ ఇదీ

మన్సూరాబాద్, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్.. ఈ ఏరియాల్లో అమెరికా అనగానే గుర్తొచ్చేది వీసా. ఎఫ్‌-1 వచ్చిందా, హెచ్‌-1బీ లాటరీ తగిలిందా అన్నదే మాట. అయితే అమెరికా విదేశాంగ విధానం తూర్పు హైదరాబాద్‌ను వేరే దారిలోనూ తాకింది. ఎల్బీనగర్ నుంచి ఇన్నర్ రింగ్ రోడ్డు మీద బైరామల్‌గూడ, కర్మన్‌ఘాట్ దాటి వెళ్తే మిధాని జంక్షన్, ఆ పక్కనే కంచన్‌బాగ్. సాగర్ రోడ్డు పట్టుకుని బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్ మీదుగా వెళ్తే ఆదిభట్ల. మొదటి చోటికి సామాను అమ్మకుండా అమెరికా చాలా ఏళ్లు అడ్డుకుంది. రెండో చోట ఆ దేశపు యుద్ధ హెలికాప్టర్ల బాడీలే తయారవుతున్నాయి. మరి మధ్యలో ఏం జరిగింది?

గొడవ మొదలైంది మిస్సైళ్లతో

కంచన్‌బాగ్‌లోని డీఆర్‌డీఎల్‌కు 1982లో అబ్దుల్ కలాం డైరెక్టర్‌గా వచ్చారు. మరుసటి ఏడాదే పృథ్వి, అగ్ని లాంటి క్షిపణుల ప్రోగ్రామ్ మొదలైంది. తయారీ బాధ్యత అక్కడే ఉన్న భారత్ డైనమిక్స్‌ది (బీడీఎల్). ఇది అమెరికాకు నచ్చలేదు. 1987లో జీ-7 దేశాలతో కలిసి ఎంటీసీఆర్ అనే ఏర్పాటు చేసింది. 500 కిలోల బరువును 300 కిలోమీటర్లు మోసుకెళ్లే మిస్సైళ్లు, వాటి టెక్నాలజీ ఇతర దేశాలకు చేరకుండా చూడటం దీని ఉద్దేశం. అయినా 1989 మే 22న అగ్ని ఎగిరింది.

అసలు దెబ్బ 1998లో పడింది. మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో అణు పరీక్షలు జరిగాయి. వెంటనే అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆంక్షలు ప్రకటించారు. 1994 నాటి చట్టం ప్రకారం ఆయనకు వెసులుబాటు కూడా పెద్దగా లేదు. అదే ఏడాది నవంబర్‌లో అమెరికా వాణిజ్య శాఖ ‘ఎంటిటీ లిస్ట్’లో భారత సంస్థల పేర్లు వరుసగా చేరాయి. డీఆర్‌డీఎల్, బీడీఎల్ అందులో ఉన్నాయి. లిస్టులో పేరుంటే అమెరికా కంపెనీ ఆ సంస్థకు సాదాసీదా పార్ట్ పంపాలన్నా లైసెన్స్ తీసుకోవాలి. అది దొరకడం కష్టం. అంటే చిన్న విడిభాగానికి కూడా వేరే దేశం వెతుక్కోవాలి, లేదా ఇక్కడే తయారు చేసుకోవాలి.

ఇక్కడో విచిత్రం చూడండి. 2000 మార్చి 24న క్లింటన్ స్వయంగా హైదరాబాద్ వచ్చారు. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబుతో కలిసి హైటెక్ సిటీలో సందడి చేశారు. సిటీకి ఆ చివర షేక్‌హ్యాండ్.. ఈ చివర కంచన్‌బాగ్‌కు తాళం!

తాళం తీసిందెవరు?

2001లో న్యూయార్క్ దాడుల తర్వాత అఫ్గానిస్తాన్ యుద్ధానికి అమెరికాకు ఈ ప్రాంతంలో తోడు కావాల్సి వచ్చింది. సెప్టెంబర్ 22న జార్జ్ బుష్ భారత్, పాకిస్తాన్‌లపై అణు పరీక్షల ఆంక్షలు ఎత్తేశారు. లిస్టులో చాలా పేర్లు పోయాయి కానీ డీఆర్‌డీఎల్, బీడీఎల్ ఉండిపోయాయి. 2008 అక్టోబర్‌లో అణు ఒప్పందంపై సంతకాలయ్యాయి. అదే నెలలో బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ తెరుచుకుంది. అప్పటికీ కంచన్‌బాగ్ పేర్లు కదల్లేదు. 2010 నవంబర్‌లో ఒబామా ఢిల్లీ వచ్చి వెళ్లాక, 2011 జనవరిలో రెండింటినీ తీసేశారు. శ్రీహరికోట కేంద్రం పేరు కూడా ఆ దెబ్బతోనే పోయింది.

పోనీ భారత్ ఏమైనా వెనక్కి తగ్గిందా? లేదు. 2012 ఏప్రిల్‌లో 5 వేల కిలోమీటర్ల అగ్ని-5ను పరీక్షించింది. మారింది వాషింగ్టన్ లెక్క. చైనా ఎదుగుతున్న కొద్దీ భారత్ అవసరం అమెరికాకు పెరిగింది. ఆంక్షలతో మిస్సైళ్లు ఆగలేదన్నది కూడా అప్పటికే తేలిపోయింది.

ఆదిభట్లలో టాటా, లాక్‌హీడ్ మార్టిన్ కలిసి సీ-130జే విమానాల తోక భాగాలు చేస్తున్నాయి. 2018 మార్చి 1న టాటా-బోయింగ్ ప్లాంట్ మొదలైంది. అక్కడ తయారైన అపాచీ బాడీలు అరిజోనాలోని మెసాకు వెళ్తాయి. ఐటీఐ, డిప్లొమా చేసిన కుర్రాళ్లకు అమెరికా పని కోసం వీసా అక్కర్లేని చోటు ఇది. అయితే టెక్నాలజీ ఎవరికి, ఎంత ఇవ్వాలన్న నిర్ణయం మాత్రం ఇప్పటికీ వాషింగ్టన్‌దే. ఎంటిటీ లిస్ట్ కూడా ఎక్కడికీ పోలేదు. 2019లో చైనా కంపెనీ హువావేను అందులో చేర్చారు.

శ్రీహరికోటది ఇంకో మలుపు. రష్యా నుంచి క్రయోజెనిక్ ఇంజిన్ టెక్నాలజీ కొంటోందని 1992లో అమెరికా ఇస్రోపై రెండేళ్ల ఆంక్షలు పెట్టింది. ఒత్తిడికి రష్యా తగ్గి, టెక్నాలజీ ఇవ్వకుండా రెడీమేడ్ ఇంజిన్లు మాత్రమే ఇచ్చింది. 2025 జులై 30న నాసా, ఇస్రో కలిసి చేసిన నిసార్ ఉపగ్రహం అదే శ్రీహరికోట నుంచి నింగికెగిరింది. మోసుకెళ్లింది జీఎస్‌ఎల్‌వీ రాకెట్.. అందులో ఉన్నది ఇస్రో సొంతంగా చేసుకున్న క్రయోజెనిక్ ఇంజిన్.