హైగ్రీన్: కోకా ఆకులో మరుగునపడిన సారం

ఆండీస్ పర్వత ప్రజలు వేల ఏళ్లుగా సున్నంతోనో బూడిదతోనో కలిపి నమిలే కోకా ఆకులను నొవారా నౌకాయాత్రలో పాల్గొన్న కార్ల్ షెర్జర్ యూరప్‌కు తీసుకురాగా, జర్మనీలోని గోటింగెన్‌లో ఆల్బర్ట్ నీమన్ 1860 నాటికి వాటి నుండి కొకైన్‌ను వేరుచేశాడు. మరుసటి ఏడే నీమన్ మరణించడంతో ఆ పరిశోధనను చేపట్టిన విల్‌హెల్మ్ లోసెన్, 1862లో అదే ఆకులో నూనెలా ద్రవరూపంలో ఉండే మరొక ఆల్కలాయిడ్‌ను, అనగా మొక్కలో సహజంగా ఏర్పడే నత్రజనియుత క్షారాన్ని, గుర్తించి, తడి అనే అర్థమిచ్చే గ్రీకు పదాన్ని బట్టి దానికి హైగ్రీన్ అని పేరుపెట్టాడు.

కొకైన్ కీర్తి, అపకీర్తుల నీడలో చరిత్రకారులు ఈ ద్రవాన్ని దాదాపు విస్మరించడం అన్యాయమే. లోసెన్ సేకరించిన ద్రవం ఒకే పదార్థం కాదని రసాయన శాస్త్రవేత్త కార్ల్ లీబర్‌మన్ తరువాత నిరూపించగా, అందులోని రెండవ క్షారం పెరూలోని కుస్కో నగరం పేరిట కుస్కోహైగ్రీన్‌గా స్థిరపడింది. శుద్ధిచేసిన కొకైన్‌లో ఈ రెండూ సాధారణంగా మిగలవు కనుక, సంప్రదాయంగా ఆకు నమిలినవారిని మాదకద్రవ్యం వాడినవారి నుండి వేరుగా గుర్తించడానికి వీటిని ఆనవాళ్లుగా నేటి శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. ఆకు నమిలినందుకే మాదకద్రవ్యం వాడినట్టు ముద్రపడే ఆండీస్ కూలీకి, రైతుకు ఈ తేడా చిన్న విషయం కాదు. అయితే కుస్కోహైగ్రీన్ కోకాకే పరిమితం కాదు; తెలుగువారు పెన్నేరుగా ఎరిగిన అశ్వగంధ వేరులోనూ అది ఉంది.