డాక్టర్ల ప్రమాణంలో లేని మాట: కులం

ఎంబీబీఎస్ పూర్తిచేసి రిజిస్ట్రేషన్ కోరే ప్రతి డాక్టరూ ఒక ప్రమాణపత్రం మీద సంతకం చేయాలి. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి నియమావళికి ఇది అనుబంధం. మతం, జాతీయత, జాతి, పార్టీ రాజకీయాలు, సామాజిక హోదా తనకూ రోగికీ మధ్య అడ్డురానివ్వనని అందులో ఉంటుంది. కులం అన్న మాట మాత్రం లేదు. 1948 నాటి జెనీవా ప్రకటనలోని జాబితానే మనవాళ్లు దించేసుకున్నారు. సామాజిక హోదాలో కులమూ కలిసే ఉందని వాదించవచ్చు. కానీ రాజ్యాంగం 15వ అధికరణలో పేరు పెట్టి మరీ చెప్పిన వివక్షను వృత్తి ప్రమాణం చెప్పకుండా దాటేయడం చిన్న విషయం కాదు. జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో కొత్త నియమావళి ప్రకటించి, అదే నెలలో పక్కన పెట్టింది. దాంతో మళ్లీ 2002 నిబంధనలే దిక్కయ్యాయి.

2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌లో ‘ఎట్‌కామ్’ అనే పాఠ్యాంశం ఉంది. వైఖరి, నైతికత, రోగితో మాట్లాడే తీరు అందులో నేర్పుతారు. క్లాసులో ఇది బాగానే ఉంటుంది. వార్డులోకి వచ్చాక జూనియర్ అనుసరించేది పుస్తకాన్ని కాదు, సీనియర్‌ని. డ్యూటీలు వేసేదీ, థియేటర్‌లో పని నేర్చుకోనిచ్చేదీ వాళ్లే. తోటి వైద్యుల అనైతిక ప్రవర్తనను భయపడకుండా బయటపెట్టాలని నియమావళిలోని 1.7 నిబంధన చెబుతోంది. రిజర్వేషన్ సీటు అని రోజూ దెప్పించుకునే ఫస్టియర్ పీజీ ఆ పని ఎవరి అండతో చేస్తుంది?

ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులపై వివక్ష ఉందని థోరట్ కమిటీ 2007లోనే నివేదిక ఇచ్చింది. 2019 మేలో ముంబైలో ఆదివాసీ పీజీ డాక్టర్ పాయల్ తడ్వీ ఆత్మహత్య చేసుకున్నారు. ముగ్గురు సీనియర్లు కులం పేరుతో వేధించారన్న ఆరోపణపై అరెస్టయ్యారు. 2023 ఫిబ్రవరిలో వరంగల్‌లో గిరిజన పీజీ విద్యార్థిని మరణించిన ఉదంతంలో ఒక సీనియర్‌పై ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైంది.

ఇక రోగి సంగతి. వైద్య విద్యార్థుల చేతికి పని వచ్చేది ఎక్కువగా ప్రభుత్వాసుపత్రి బెడ్ మీదున్న పేదల వల్లే. ఆపరేషన్‌కు రాతపూర్వక అనుమతి తప్పనిసరి. రోగి గుర్తుపట్టేలా ఉన్న ఫొటోను అనుమతి లేకుండా ప్రచురించకూడదు. రోగి గానీ, అధీకృత వ్యక్తి గానీ అడిగితే 72 గంటల్లో కేసు రికార్డులు ఇవ్వాలి. ఈ చివరిది మనవాళ్లలో చాలామందికి తెలియదు. అడిగేటప్పుడు రాసిచ్చి, నకలు మీద సంతకం తీసుకోవడం మంచిది.

డాక్టర్ నియమాలు తప్పితే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 6 నెలల్లో నిర్ణయం తీసుకోవాలని నియమావళే చెబుతోంది. కులం పేరుతో సాటి విద్యార్థిని వేధించడం, వెలివేయడం యూజీసీ 2016 సవరణ ప్రకారం ర్యాగింగే. కాలేజీ యాంటీ ర్యాగింగ్ కమిటీ విచారణ నడుస్తున్నా పోలీసు స్టేషన్‌లో అట్రాసిటీ ఫిర్యాదు ఇవ్వడానికి అడ్డేమీ లేదు.