పిత్తాశయ శోథం

పిత్తాశయ శోథం పిత్తాశయానికి వచ్చే వాపు జబ్బు. వాడుకలో గాల్‌బ్లాడర్ వాపు అంటారు. హఠాత్తుగా వస్తే తీవ్ర శోథం. పదేపదే వాచి గోడ మందమెక్కితే దీర్ఘకాలిక శోథం.

కారణాలు

పిత్తాశయం కాలేయం అడుగున ఉండే చిన్న సంచి. కాలేయంలో ఊరిన పైత్యరసాన్ని 30–50 మిల్లీలీటర్ల మేర దాచి, కొవ్వు తిన్నప్పుడు పేగులోకి వదులుతుంది. సంచి నాళానికి రాయి అడ్డుపడితే రసం లోపలే నిలిచి, ఒత్తిడికి గోడ వాస్తుంది. సూక్ష్మజీవులు చాలాసార్లు ఆ తరువాతే చేరతాయి. తీవ్ర శోథాల్లో నూటికి 90కి పైగా రాళ్లవల్లే వస్తాయి. మిగతావి ఎక్కువగా ఐసీయూ రోగుల్లో కనిపిస్తాయి.

భారత రైల్వే ఉద్యోగులపై 1968లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఈ రాళ్లు దక్షిణాదికన్నా ఉత్తరాదిలో చాలా ఎక్కువ. ఉత్తరాదిన కొలెస్ట్రాల్ రాళ్లు, దక్షిణాదిన నల్లని వర్ణకపు రాళ్లు అధికం. పాడేరు, అరకు మన్యంలో ఉన్న సికిల్ సెల్ వ్యాధిలో ఎర్రకణాలు త్వరగా చితికిపోతాయి. వాటి నుంచి వెలువడే వర్ణకం పైత్యరసంలో పెరగడంతో ఆ రోగులకు చిన్న వయసులోనే వర్ణకపు రాళ్లు ఏర్పడవచ్చు.

లక్షణాలు

పైకడుపులో కుడివైపు మొదలైన నొప్పి వీపుకో, కుడి భుజానికో పాకుతుంది. వాంతులు, జ్వరం తోడవుతాయి. గ్యాస్ అనుకుని సోడా తాగి ఊరుకోవడం మామూలే. ఆరు గంటలు దాటినా నొప్పి తగ్గకపోతే శోథాన్ని అనుమానించాలి. మధుమేహులకు, వృద్ధులకు జబ్బు ముదిరినా నొప్పి అంతగా తెలియకపోవచ్చు. కళ్లు పచ్చబడితే రాయి ప్రధాన పైత్యనాళంలోకి జారి ఉండవచ్చు. గుండెపోటు కూడా పైకడుపు నొప్పిగా కనిపించవచ్చు కాబట్టి ఈసీజీ అవసరం కావచ్చు.

నిర్ధారణ

కుడి పక్కటెముకల కింద వైద్యుడు చేతితో నొక్కి ఊపిరి పీల్చమన్నప్పుడు, నొప్పితో రోగి శ్వాస మధ్యలో ఆగిపోతే దాన్ని మర్ఫీ సూచన అంటారు. అల్ట్రాసౌండ్‌లో రాళ్లు, మందమెక్కిన గోడ, చుట్టూ చేరిన నీరు కనబడతాయి. రక్తపరీక్షలో తెల్లకణాలు ఎక్కువగా కనిపిస్తాయి.

చికిత్స

ముందుగా ఆహారం ఆపి సెలైన్, నొప్పి మందులు, యాంటీబయాటిక్స్ ఇస్తారు. వీటితో వాపు తగ్గినా రాయి మిగులుతుంది. రాళ్లు మాత్రమే తీస్తే మళ్లీ పుడతాయి కనుక సంచినే తొలగిస్తారు. వాపు చల్లారేదాకా ఆరు వారాలు ఆగడం పాత పద్ధతి. ఇప్పుడు వీలైతే వారంలోపే చిన్న రంధ్రాల ద్వారా చేసే లాప్రోస్కోపీతో తీస్తున్నారు. ఆపరేషన్‌కు తట్టుకోలేని రోగికి చర్మం మీదుగా గొట్టం వేసి చీము, రసం బయటికి తీస్తారు. జాప్యమైతే సంచి కుళ్లడం, చిల్లుపడటం జరగవచ్చు.

చరిత్ర

పిత్తాశయాన్ని తొలిసారి 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ తొలగించాడు. లాప్రోస్కోపీతో 1985లో జర్మనీలోనే ఎరిక్ మ్యూహె తీశాడు. భారతదేశంలో ఆ పద్ధతిని 1990లో ముంబయిలో టెహెంటన్ ఉద్వాడియా ప్రారంభించాడు.

విశాఖలో

ఈ చికిత్సకు విశాఖలోని మధురవాడ వాసులకు మారికవలసలోని గాయత్రీ విద్యా పరిషత్ వైద్య కళాశాల ఆసుపత్రి, రుషికొండలోని గీతం వైద్య కళాశాల ఆసుపత్రి దగ్గర. ప్రభుత్వ రంగంలో హనుమంతవాక వద్ద విమ్స్ ఆసుపత్రి, నగరంలో 1923 నాటి కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉన్నాయి. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయవచ్చు.

ఆపరేషన్ తరువాత

పిత్తాశయం లేకున్నా కాలేయం రసాన్ని నేరుగా పేగులోకి పంపుతుంది. కొందరికి కొన్నాళ్లు విరేచనాలవుతాయి. చాలామంది మామూలు భోజనానికే తిరిగి వస్తారు.