డెబ్బయ్యో ఏట మళ్లీ పిలుపు



రిటైరైన నెలకు మన పాత ఆఫీసుకు పోతే కొత్తగా వచ్చిన అటెండరు 'ఏం పని మీద వచ్చారండీ?' అని అడుగుతాడు. మనందరి అనుభవమే ఇది. అటువంటిది, వదిలి వచ్చిన కుర్చీలోనే మళ్లీ కూర్చోమని డెబ్బయ్యో ఏట పిలుపు వస్తే? జనరల్ కొటికలపూడి వెంకట కృష్ణారావు గారికి అలాగే వచ్చింది.

1923లో జన్మించిన ఆయన 1942లో సైన్యంలో చేరారు. 1971 యుద్ధంలో సిల్హెట్ వైపు 8వ మౌంటెన్ డివిజన్‌ను నడిపారు. సైన్యాన్ని ఆధునికం చేయడానికి 1975లో వేసిన నిపుణుల సంఘానికి ఆయనే అధ్యక్షులు. 1981 జూన్ నుంచి 1983 జూలై వరకు సైన్యాధిపతి. ఆ పదవికి చేరిన తెలుగువాడు ఆయన. తరువాత నాగాలాండ్, మణిపూర్, త్రిపురలకు గవర్నరు. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

1989 జూలైలో జమ్మూ కాశ్మీరుకు పంపారు. అప్పుడు అక్కడ ఎన్నికైన ప్రభుత్వం ఉంది. గవర్నరు సంతకాలకే పరిమితం. ఆ డిసెంబరులోనే కేంద్ర హోంమంత్రి కుమార్తెను తీవ్రవాదులు ఎత్తుకుపోయారు. 1990 జనవరిలో ఈయన స్థానంలో జగ్‌మోహన్ గారు వచ్చారు. ఆరు నెలల సర్వీసు, అదీ చేదు సర్వీసు.

1993 మార్చిలో మళ్లీ అక్కడికే పొమ్మన్నారు. వెళ్లారు. ఈసారి రాష్ట్రపతి పాలన. మంత్రులు లేరు. పోలీసు ఫైలు మొదలు జీతాల ఫైలు దాకా గవర్నరు, ఆయన సలహాదారులు చూసుకోవలసిందే. భద్రత చూసిన సలహాదారు లెఫ్టినెంట్ జనరల్ ఎం.ఎ. జకీ గారు కూడా రిటైరైన సైనికాధికారే, మన హైదరాబాదు వారే. అంతకు ముందు శ్రీనగర్‌లో 15వ కోరుకు కమాండరు.

అదే అక్టోబరులో తీవ్రవాదులు హజ్రత్‌బల్ దర్గాలో చేరారు. సైన్యం చుట్టుముట్టింది గాని లోపలికి చొరబడలేదు. నెల రోజులు మాటలతో నడిపి, చివరకు వారిని లొంగదీశారు. అయితే ఆ రోజుల్లోనే బిజ్‌బెహరాలో ఊరేగింపుపై కాల్పులు జరిగి అమాయకులు చనిపోయారు. 1995 మేలో చరారే షరీఫ్ దర్గా కాలిపోయింది. ఇవి కూడా ఆ పాలన ఖాతాలో రాయవలసినవే. మనిషి మనవాడు కదా అని దాచకూడదు.

1995 జనవరి 26న జమ్మూ స్టేడియంలో ఆయన ప్రసంగిస్తుండగానే బాంబులు పేలాయి. ప్రాణనష్టం జరిగింది. ఆయన బతికారు. రాజీనామా చేసి వచ్చేస్తే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఉండిపోయారు.

1996లో అసెంబ్లీ ఎన్నికలు జరిగాయి. అంతకు ముందువి 1987వి. మా ఏన్కూరు అడవి పల్లెల్లో బాలెట్ పెట్టె పక్కన పెట్టుకుని రాత్రంతా కూర్చున్నవాణ్ణి నేను. కుక్క మొరిగితే ఉలిక్కిపడేవాళ్లం. కాశ్మీరులో ఆ డ్యూటీ ఎలా ఉండి ఉంటుందో నాలాంటి గుమాస్తాకు వేరే చెప్పనక్కరలేదు. అక్టోబరు 9న ఫరూక్ అబ్దుల్లా ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఫైళ్లు మళ్లీ మంత్రుల బల్లల మీదికి పోయాయి. ఆయన చేసిన పనుల్లో పెద్దది ఇదేనని నా అభిప్రాయం.

1998 మేలో రెండోసారి ఆ కుర్చీ దిగారు. అప్పటికి 74 ఏళ్లు. 2016 జనవరి 30న ఢిల్లీలో కన్నుమూశారు.