పరమాణు గర్భము – సాగరు జలాలు: లంబాపురం, పెద్దగట్టు యురేనియం వివాదంపై చారిత్రక పరిశీలన

మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతాల వరిపొలాలలో అధికభాగానికి ఆధారం నాగార్జునసాగర్ ఎడమ కాలువ. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ప్రాజెక్టు నుండి 1967లో కాలువలకు నీరు వదిలారు. ఆ జలాశయానికి చేరువలో, నల్లగొండ జిల్లా లంబాపురం, పెద్దగట్టు గుట్టలలో యురేనియం నిక్షేపాలున్నట్లు 1990వ దశకంలో తేలింది. గని తవ్వకానికి యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ముందుకు రాగా వివాదం మొదలైంది. దీనిని సరిగా గ్రహించాలంటే ముందుగా పరమాణు నిర్మాణం తెలియాలి.

1. ఆవిష్కరణ క్రమం

పరమాణువు విభజింపరానిదని శాస్త్రజ్ఞులు చాలాకాలం తలంచారు. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొనడంతో ఆ తలంపు మారింది. పలుచని బంగారు రేకుపై ఆల్ఫా కణాలను ప్రయోగించగా కొన్ని వెనుకకు మళ్లాయి. దానినిబట్టి పరమాణువు మధ్య అతి చిన్నదైన, బరువైన కేంద్రకం ఉన్నదని 1911లో రూథర్‌ఫర్డ్ నిర్ధారించాడు. కేంద్రకంలో ధనావేశం గల ప్రోటాన్లతోపాటు ఆవేశం లేని న్యూట్రాన్లు కూడ ఉన్నాయని 1932లో చాడ్విక్ నిరూపించాడు.

మూలకాన్ని నిర్ణయించేది ప్రోటాన్ల సంఖ్య. యురేనియంలో అవి 92. న్యూట్రాన్లు 146 ఉంటే యురేనియం-238, 143 ఉంటే యురేనియం-235. ప్రకృతిలో మొదటిది సుమారు 99.3 శాతం, రెండవది 0.7 శాతం.

2. రెండు అపోహలు

గని తవ్వితే బాంబువలె పేలుతుందనుట మొదటి అపోహ. 1938 చివరలో హాన్, స్ట్రాస్‌మన్‌ల ప్రయోగాలు కేంద్రక విచ్ఛిత్తిని వెల్లడించిన మాట నిజమే. అయితే బాంబుకు 235 రకాన్ని ఎన్నో రెట్లు శుద్ధిచేయాలి. గుట్టలోని రాయి పేలదు.

ప్రకృతిలో ఉన్నదే గనుక తవ్వినా హాని లేదనుట రెండవ అపోహ. 92 ప్రోటాన్లు ఒకదానినొకటి నెట్టుకొనే ఆ పెద్ద కేంద్రకం స్థిరమైనది కాదు. రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు కలిసిన ఆల్ఫా కణాన్ని విడిచి థోరియంగా మారుతుంది. అలా మారుతూ రేడియం, రాడాన్ దశలు దాటి చివరకు సీసమవుతుంది. యురేనియం-238 సగం తరగడానికి సుమారు 450 కోట్ల సంవత్సరాలు పడుతుంది. రాయి కదలనంతకాలం ఈ సంతతిలో చాలాభాగం రాతిలోనే బంధింపబడి ఉంటుంది. రాయిని పొడిచేసి యురేనియం తీసుకున్న తరువాత ఖనిజంలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం వ్యర్థపు బురదలోనే మిగులుతుంది. ఆల్ఫా కణాన్ని ఒక కాగితం ఆపగలదు. కాని అది నీటిద్వారా, ఊపిరిద్వారా లోపలికి చేరితే ప్రమాదం. రేడియం వెలుపలి కక్ష్యలో కాల్షియంకువలె రెండు ఎలక్ట్రాన్లే ఉన్నందున శరీరం దానిని కాల్షియమని భ్రమించి ఎముకలలో చేర్చుకొంటుంది.

3. ప్రజల ప్రశ్న

2003 ఆగస్టు 19న పెద్దగట్టులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో వ్యతిరేకత బలంగా వ్యక్తమైంది. శుద్ధి కర్మాగారానికి మొదట మల్లాపురం, తరువాత దేవరకొండ ప్రాంతపు శేరిపల్లి ప్రతిపాదనకు వచ్చాయి. భూములు పోయేది అధికంగా లంబాడీ తండాలవారికి. నీటి భయం కాలువ చివరి రైతువరకు, హైదరాబాదు నగరంవరకు. ఆ గని ప్రారంభం కాలేదు. 2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ తీర్మానించింది. కడప జిల్లా తుమ్మలపల్లెలో మాత్రం గని, కర్మాగారం ఏర్పడ్డాయి. వ్యర్థాల చెరువువల్ల తమ బోర్ల నీరు పాడయినదని అక్కడి రైతులు ఫిర్యాదు చేశారు.

ముగింపు

దేశానికి విద్యుత్తు అవసరమన్నది కాదనలేని మాట. అయితే అడుగవలసిన ప్రశ్న "పేలుతుందా?" అని కాదు, "బురద ఎక్కడ ఉంచుతారు, ఎన్ని తరాలు కాపాడుతారు, నీటిని ఎవరు పరీక్షిస్తారు?" అని. ఆ బురదలో మిగిలే థోరియం-230 సగం తరగడానికే సుమారు 75 వేల సంవత్సరాలు పడుతుంది. తండాలో, పల్లెలో మనలను నమ్మి అడిగేవారికి లేని భయాన్ని గాని, లేని ధైర్యాన్ని గాని చెప్పకూడదు. ఈపాటి శాస్త్రం తెలిసికొని ఉన్నదున్నట్లు చెప్పడం కాపరి బాధ్యత.