నాలుక సాక్ష్యం – కొలత తీర్పు

రేపల్లె నుండి నిజాంపట్నం వరకు సముద్రతీరపు నేలల్లో తాడిచెట్లు విస్తారంగా కనిపిస్తాయి. తెల్లవారుజామున చెట్టునుండి దించిన లొట్టిలోని రసం తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేసరికి నురుగు కట్టి కల్లవుతుంది. మరునాటికి పులుపెక్కి నోట పెట్టనీయదు. ఏ వేళకు రసం ఏ స్థితిలో ఉన్నదో గీతవృత్తివారు వాసన చూచి, నాలుకకు తగిలించి చెప్పగలరు. ఫ్రాన్సు దేశంలో ద్రాక్షసారాను పరీక్షించేవారి విద్య కూడ ఇటువంటిదే. ద్రాక్షసారా అని వాడుకలో అంటున్నాము గాని, అది సారావలె బట్టీపెట్టి దించినది కాదు. కల్లువలె పులిసిన రసమే.

ఈ రెండు దేశాలవారు ఒకప్పుడు ఇదే తీరంలో కలుసుకున్నారు. నిజాంపట్నాన్ని పూర్వం యూరపు వర్తకులు పెటపోలి అని వ్రాసేవారు. డచ్చివారు 1606లో, ఆంగ్లేయులు 1611లో ఇక్కడ వర్తకస్థానాలు నెలకొల్పారు. 1750 తరువాత కొన్ని సంవత్సరాలు నిజాంపట్నం సర్కారు ఫ్రెంచివారి చేతిలో ఉన్నది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు మచిలీపట్నం కోటను పట్టుకున్నాడు. మే 14న సలాబత్‌జంగుతో జరిగిన ఒడంబడికవల్ల ఈ ప్రాంతం ఆంగ్లేయుల పాలయింది. రసం ఎందుకు పులుస్తుందో ఆనాడు అక్కడివారికీ తెలియదు, ఇక్కడివారికీ తెలియదు. పులిసినదా లేదా అని చెప్పడానికి ఉభయులకూ నాలుకే ఆధారం.

పులియడంలోని రహస్యం

కారణం తెలియడానికి సుమారు నూరేండ్లు పట్టింది. పులిసే రసంలో చక్కెర విడిపోయి ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను మారుతుందని లవోజియే 1789లో తూచి చూపించాడు. లొట్టిలో కనిపించే నురుగు ఆ వాయువే. 1863లో ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియన్ ద్రాక్షసారా చెడిపోవడానికి కారణం కనుగొనమని లూయీ పాశ్చర్‌ను కోరాడు. ఈస్టు అనే సూక్ష్మజీవి చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. వేరొక జాతి సూక్ష్మజీవులు ఆ ఆల్కహాలును పులుపుగా మారుస్తాయి. ఈ సంగతులను పాశ్చర్ 1866లో ప్రకటించిన గ్రంథంలో వివరించాడు. మన గీతవృత్తివారు లొట్టి లోపల సున్నం పూస్తే రసం తియ్యగా నిలుస్తుంది. సున్నపు క్షారం ఆ సూక్ష్మజీవులను పెరగనీయదు. ఇక్కడ అనుభవం ముందు వచ్చింది, కారణం తరువాత తెలిసింది.

తీపిలేని తెల్లసారా

తెల్ల ద్రాక్షసారాను చేసేటప్పుడు పండ్లను నలిపి, తొక్కలనుండి రసాన్ని వేరుచేసి పులియబెడతారు. ఎర్రని రంగు తొక్కలో ఉంటుంది గనుక దీనికి ఆ రంగు రాదు. చక్కెర దాదాపు అంతా ఖర్చయ్యేవరకు పులియనిస్తే తీపిలేని రకం వస్తుంది. ఫ్రెంచివారు దీనిని 'సెక్', అనగా పొడి అంటారు. సాధారణంగా లీటరుకు 4 గ్రాములకు మించి చక్కెర మిగలరాదు. రసంలో లీటరుకు 17 గ్రాముల చక్కెర ఉంటే సుమారు 1 శాతం ఆల్కహాలు వస్తుంది. కనుక లీటరుకు 200 గ్రాముల చక్కెర గల ద్రాక్షరసంనుండి దాదాపు 12 శాతం లభిస్తుంది. తాటిరసంలో చక్కెర అందులో సుమారు సగమే. కనుకనే కల్లులో ఆల్కహాలు తక్కువ.

తీపి లేనప్పుడు పులుపే ముందుకు వస్తుంది. ద్రాక్షలో టార్టారిక్, మాలిక్ ఆమ్లాలు ముఖ్యమైనవి. ఎండ ఎక్కువైన ఏట మాలిక్ ఆమ్లం తగ్గి చక్కెర పెరుగుతుంది. చల్లని ఏట పులుపు నిలుస్తుంది. అందుచేతనే సీసామీద పంట సంవత్సరం వేస్తారు. 2021 ఏప్రిల్‌లో మంచు పడి ఫ్రాన్సులో లేతచిగుళ్ళు మాడిపోయాయి. ఆ ఏడు బర్గండీ తెల్లసారాలలో పులుపు హెచ్చు. వేడిగా గడచిన 2022 పంట మరింత పండినది. బర్గండీలోని బోన్ పట్టణంలో 1354నుండి ద్రాక్షకోత తేదీల వివరాలు దొరుకుతున్నవి. 1988 తరువాత కోతలు పూర్వపు సగటుకంటె సుమారు 13 రోజులు ముందుగా జరుగుతున్నట్లు 2019లో ప్రకటించిన పరిశోధన తెలిపింది. రుచిలోని మార్పు వాతావరణ చరిత్రకు కూడ సాక్ష్యమన్నమాట.

నాలుక పొరపడినప్పుడు

పరీక్షకులు ముందు రంగు చూస్తారు, పిదప గ్లాసును తిప్పి వాసన చూస్తారు, చివరకు ఒక గుక్క నోట పట్టి ఉమ్మివేస్తారు. నాలుక తీపి, పులుపు, చేదు వంటి కొద్ది రుచులనే గుర్తిస్తుంది. తక్కినదంతా ముక్కు చేసే పని. అయితే కన్ను వీటిని మోసగించగలదు. 2001లో ప్రకటించిన ఒక ప్రయోగంలో, బోర్డో విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రం చదివే 54 మందికి తెల్లసారాలో వాసనలేని ఎర్రరంగు కలిపి ఇచ్చారు. వారు దానిని ఎర్రసారాకు చెప్పే మాటలతోనే వర్ణించారు.

మోసం రంగుతో ఆగదు. ఫిలాక్సెరా పురుగు ద్రాక్షతోటలను నాశనం చేసిన కాలంలో ఫ్రాన్సులో కల్తీ ప్రబలింది. తాజా ద్రాక్షను పులియబెట్టినదే ద్రాక్షసారా అని 1889లో చట్టం నిర్వచించవలసివచ్చింది. 1905లో కల్తీనిషేధ చట్టం వచ్చింది. 1985లో ఆస్ట్రియా సారాలలో డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం బయటపడింది. అది తియ్యగా ఉంటుంది గనుక నాలుక దానిని మెచ్చుకుంటుంది. ప్రయోగశాలే దానిని పట్టుకున్నది. చూపు పోగొట్టే మిథైల్ ఆల్కహాలునుగాని, కల్లులో కలిపే మత్తుమందులనుగాని రుచినిబట్టి నమ్మకంగా గుర్తించలేము.

మన ప్రాంతంలోనూ ఈ తేడా ఒకప్పుడు జీవనోపాధి ప్రశ్న అయింది. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలయింది. అప్పుడు గీతవృత్తివారికి మిగిలిన దారులలో పులియని రసంతో బెల్లం వండుకోవడం ఒకటి. రసం తీపిదా, పులిసినదా అన్నది అప్పుడు కేవలం రుచి విషయం కాదు, చట్టం విషయం.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చు. తాజా చెరకురసాన్ని రెండు పాత్రలలో పోసి, ఒకదానికి లోపల సున్నం పూయాలి. ఉదయం, సాయంత్రం, మరునాడు లిట్మస్ కాగితంతో పరీక్షించి, నురుగును గమనించాలి. రుచి చూడనవసరం లేదు. నాలుక అనుమానాన్ని పుట్టిస్తుంది. దానిని తీర్చవలసినది కొలత. ఈ రెంటినీ కలిపి వాడుకోవడమే పరీక్ష.