బెండమూర్లంక కోఠీ

కోనసీమలో ఫ్యాక్టరీ యనగానే నేడు పలువురకు స్ఫురించునది ఓడలరేవు తీరమున నున్న సహజవాయు కర్మాగారము. ఆ తీరముననే, దానికి కొలది క్రోసుల దూరములో, ఇన్నూట డెబ్బది యేండ్ల క్రిందట మఱియొక ఫ్యాక్టరీ యుండెనని యెఱిగినవారు మనలో అరుదు. అది బెండమూర్లంకలోని ఈస్టిండియా కంపెనీవారి బట్టల కోఠీ. పాతగోడల ముచ్చటకై మేము దీనిని తలపెట్టలేదు. ఒక సీమ బ్రతుకంతయు ఒక్క సంస్థపై నాధారపడినపుడు ఏమి జరుగునో దీని చరిత్రము తెలుపుచున్నది గనుక తలపెట్టితిమి.

ఆనాటి ఫ్యాక్టరీ యంత్రశాల కాదు. ఫ్యాక్టరనగా వర్తకుల ప్రతినిధి. అతడు కాపురముండి, సరకు కొని, నిలువచేసి, ఓడ కెక్కించు తావే ఫ్యాక్టరీ. మగ్గములు కోఠీలో లేవు. పల్లెలలో నేతవారి యిండ్లలో నుండెను. వైనతేయ ముఖమున బెండమూర్లంక, యానాము చేరువ ఇంజరము, నరసాపురము చెంత మాధవాయపాలెము, ఈ మూడును గోదావరీముఖమున ఇంగ్లీషువారి కోఠీలు. వీనిలో ఇంజరము 1708లో నేర్పడినది. మాధవాయపాలెము తెల్లవారి నోట ‘మదపొల్లము’గా మాఱి, ఒక జాతి నూలుగుడ్డకే పేరై, ఇంగ్లీషు ఫ్రెంచి నిఘంటువుల కెక్కినది. ఆ గుడ్డ నేసిన వారి పేరు మాత్రము ఏ పుస్తకమునకు నెక్కలేదు.

కోఠీవలన అనేకులకు కూడు దొరకిన మాట నిజము. దళారులు, దుబాసీలు బయానాసొమ్ము తెచ్చి నేతవారి కిచ్చెడివారు. పద్మసాలె, దేవాంగ, కైకాల, కర్ణభక్తుల కులములవారు నిడివి, వెడల్పు, పోగుల లెక్క ముందుగా నేర్పరచుకొని నేసెడివారు. ఆ నూలును ఇంటింట రాట్నముమీద వడికినవారు స్త్రీలు. భర్తను గోల్పోయిన యువతికి, పొలముపనికి శక్తి చాలని ముదుసలికి ఆ రాట్నమే యాధారము. గుడ్డను చలువచేయు చాకలి, అద్దకమువాడు, పడవవాడు, మూటమోయు కూలి అందఱును ఆ వర్తకముపై బ్రతికిరి.

ఆ కాలమున కొనువారు పెక్కుమంది యుండిరి. పాలకొల్లులో డచ్చివారు, యానాములో ఫ్రెంచివారు, వీరుగాక దేశీయ వర్తకులును గలరు. ఒకరి ధర నచ్చనిచో బయానా తిరిగి యిచ్చి మఱియొకరికి నేయగల స్వాతంత్ర్యము నేతవానికి గలదు. ఈ స్వాతంత్ర్యమే అతని నిజమైన ఆస్తి.

1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఈ మూడు కోఠీలను పట్టుకొనెను. మఱుసటి యేడు చందుర్తి యుద్ధములో ఫ్రెంచివారోడిరి. 1765 నాటి ఢిల్లీ ఫర్మానాతోను, 1766లో నిజాముతో జరిగిన సంధితోను ఉత్తర సర్కారులు కంపెనీ పాలయ్యెను. అప్పటినుండి సరకు కొనువాడే దేశమేలువా డయ్యెను. బయానా ఋణము సంకెల యయ్యెను. అది తీరుదాక నేతవాడు పరులకు నేయరాదు. పని యాలసించినచో మగ్గముకడ బంట్రోతును కాపుంచి వాని బత్తెమును నేతవానిచేతనే కట్టించెడివారు. ధర నిర్ణయించునది కంపెనీయే, గుడ్డ నాసియని త్రోసివేయునదియు కంపెనీయే. ఆ శతాబ్ది చివర సర్కారు జిల్లాలలో నేతకులములవారు పలుమార్లు ఏకమై, అర్జీలు పెట్టుకొని, పని మానిరి.

తుదకు కోఠీకే చేటు వచ్చినది. 1813 చట్టము భారతదేశ వర్తకములో కంపెనీ గుత్తను తీసివేసెను. లాంకషైరు మిల్లుల చవుకగుడ్డ మన రేవులకు దిగెను. 1833 చట్టము కంపెనీ వర్తకమునకే స్వస్తి చెప్పెను. గోదావరీముఖపు కోఠీల కథ ఇట్లు ముగిసినది. ఈ నిర్ణయములు చేసినది లండను నగరము. ఫలమనుభవించినవి మన పల్లెలు. మూతపడిన కోఠీ నేతవానికి వేఱొక కొనుగోలుదారుని చూపి పోలేదు. అంతకుముందున్న వారిని తానే తొలగించి యుండెను గదా! ఆ సమయముననే నందన కరువు (1832-33) దేశమును పీడించెను. అటుపిమ్మట రాజమహేంద్రవరము జిల్లా క్షీణతను విచారింప మద్రాసు ప్రభుత్వము సర్ హెన్రీ మాంట్గొమరీని నియోగింపవలసి వచ్చెను. 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట రైతును నిలువబెట్టినది. ఆగిన మగ్గమును, అటకెక్కిన రాట్నమును నీటిపాఱుదల నిలుపజాలదు గదా. మిల్లునూలు వచ్చిన పిదప వడకు స్త్రీల కూలి పోయినది. అది యే లెక్కలోను పెద్దగా చేరలేదు.

ఈ కథ నుండి ఫ్యాక్టరీలు వలదని కొందఱు తీర్మానింపవచ్చును. మా యభిప్రాయ మది కాదు. కోఠీ కూడు పెట్టిన దినములును గలవు. అవి నేతవానికి పలువాకిళ్ళున్న దినములు. నేడును కోనసీమ గర్భమునుండి చమురు, వాయువు దేశమునకు పోవుచున్నవి. వానికై ఈ సీమ చెల్లించినది తక్కువ కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి యంటుకొని రెండు నెలలకుపైగా మండెను. 2014 జూను 27న నగరములో వాయుగొట్టము ప్రేలి యిరువదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. ఇంత యపాయమును భరించు ఊళ్ళు తమకు మిగులున దేమని యడుగుట న్యాయము. తాత్కాలికపు కూలి మాత్రమే మిగిలినచో, బావి యెండిన దినమున బెండమూర్లంక కథ మరల జరుగును. పిల్లలకు విద్య, యువకులకు ఎచ్చటనైనను చెల్లు పనితనము, గ్రామమున మంచినీరు, వైద్యశాల మిగిలినచో, ఆ ఫ్యాక్టరీ పోయినను ఊరు నిలుచును.

అమలాపురము చెంతనున్న బండారులంకలో మగ్గము నేటికిని ఆడుచున్నది. అచ్చటి చీరను కొనునది దూరదేశపు కంపెనీ కాదు, మన యింటి స్త్రీలు. కష్టములున్నను ఆ మగ్గమునకు ఒకరు కానిచో నింకొకరు కొనువారున్నారు. కోనసీమలో క్రొత్తగా నే కర్మాగారము వచ్చినను, అచ్చటి పెద్దలు జీతమెంత యని యడుగుటతో తృప్తిపడక, ఇది మూతపడిన మఱునాడు మాకేమి దారియని కూడ అడుగుదురు గాక.